ఒక ఉత్తరానికి ఒకటే సందేహం

లాలాగూడ,
12–6–2000

కల్పలత కంప్యూటర్స్, పోస్టల్ కోర్సు, సందేహాల విభాగం
కల్పలత మేడమ్ గారికి,

విద్యార్థి నంబరు 47 పిళ్లా లోవరాజు నమస్కరించి రాసుకునేది. మేమంతా క్షేమం, మా కంప్యూటరు తప్ప.

నేను లాలాగూడ రైల్వే స్టోర్సులో గుమస్తాను. వయసు నలభై ఆరు. మాది నర్సీపట్నం దగ్గర పల్లె. పెళ్లయిన దగ్గర నుంచీ సికింద్రాబాదులోనే ఉంటున్నాం. బోయిగూడలో కింది వాటాలో నేనూ మా ఆవిడ కనకలక్ష్మీ కాపురం. పై వాటాలో ఆర్నెల్ల కిందట దయాకర్ అని ఒక కుర్రాడు దిగాడు. అసలు జబ్బు అక్కడ మొదలైంది.

దయాకర్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తాడు. మెడలో నీలం తాడు, దానికి ఫోటో ఉన్న బిళ్ల. ఆదివారం కరివేపాకు కొనడానికి దిగినా ఆ బిళ్ల తియ్యడు. మొన్న మా టీవీలో బొమ్మ పోతే వచ్చి, రెండు తీగలు అటూ ఇటూ కలిపాడు. బొమ్మ వచ్చింది. మా ఆవిడ "భలే" అంది.

మేడమ్, ఇరవై ఏళ్ల కాపురంలో ఆ మాట నా గురించి అనగా నేను వినలేదు. స్టోర్సులో నాలుగు వేల రకాల బోల్టులూ నట్లూ ఏ అరలో ఉన్నాయో కళ్లు మూసుకుని చెప్పగలను. దానికెవరూ భలే అనరు. నాకు అసూయగా ఉంది. చదువు చెప్పేవారి దగ్గర దాచడం దేనికి?

అందుకని ఆఫీసు పని ఉందని ఇంట్లో చెప్పి కంప్యూటరు కొన్నాను, మీ కోర్సులో చేరాను. ఆగస్టు ఇరవై ఏడుకి మా పెళ్లయి ఇరవై ఏళ్లు. ఆ రోజు మా ఆవిడని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ఒక బటన్ నొక్కమంటాను. నొక్కగానే ఏళ్లు ఒకటొకటిగా తిరిగి, ఇరవై దగ్గర ఆగి, ఆవిడ పేరు పెద్ద అక్షరాల్లో రావాలి. ఆ భలే అప్పుడు వినాలి.

నా సందేహం: మీ రెండో పాఠం ప్రకారం విజువల్ బేసిక్‌లో బటన్ పెట్టాను, దాని వెనుక కోడ్ రాశాను, పని చేసింది. 'కమాండ్ వన్' అనే ఆ పేరు ముతకగా ఉందని తరవాత బటన్ పేరు 'కనకం' అని మార్చాను. అప్పటి నుంచి ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. పేరు మార్చినందుకేనా, లేక పేరులోనే ఏమైనా ఉందా?

మీ సంస్థ క్లాక్ టవర్ దగ్గరే అని తెలుసు, నడిచి రాగలను. కానీ ఈ వయసులో కుర్రాళ్ల మధ్య కూర్చోవడం మా ఆఫీసువాళ్ల కంట పడితే రిటైరయ్యే దాకా నవ్వుతారు. అందుకే పోస్టల్ కోర్సు. జవాబు స్టోర్సు అడ్రసుకే రాయండి. ఇక్కడికి రోజుకి వంద ఉత్తరాలు వస్తాయి, ఎవరూ పట్టించుకోరు. చదివాక ఇంట్లో కంప్యూటరు డబ్బా కింద దాచుకుంటాను. మా ఆవిడ దుమ్ము తుడవడానికి తప్ప ఆ ఛాయలకు రాదు.

ఇట్లు
పి. లోవరాజు

తా.క.: లెక్క సున్నా నుంచి మొదలెట్టమని పాఠంలో ఉంది. అలాగే మొదలెట్టి ఇరవైసార్లు తిప్పితే చివర్న పంతొమ్మిది అని చూపిస్తోంది. మా పెళ్లిలో ఒక ఏడాదిని కంప్యూటరు ఎక్కడ పారేసింది?


సికింద్రాబాదు,
17–6–2000

విద్యార్థి నంబరు 47 లోవరాజు గారికి,

మీ ఉత్తరం అందింది. ఎడమ వైపు అంగుళం మార్జిన్ వదలలేదు. ఇకముందు వదలగలరు.

మీ సందేహానికి జవాబు. కోడ్ బటన్ పేరు మీద నమోదవుతుంది. మీరు కోడ్ రాసింది కమాండ్ వన్ పేరు మీద. తరవాత పేరు మార్చారు. పెళ్లయి ఇంటిపేరు మారిన ఆడపిల్లకు పుట్టింటి పేరు మీద ఉత్తరం రాస్తే కొత్త వీధిలో పోస్ట్‌మ్యాన్ ఇల్లు కనుక్కోలేడు. ఇదీ అంతే. కోడ్‌లో కూడా పేరు మార్చండి, పలుకుతుంది. ఇకపై ముందు పేరు పెట్టి తరవాత కోడ్ రాయండి.

జవాబు రెండు రోజులు ఆలస్యమైంది. మీ ఫైలు పై అరలో పెట్టారు, మోకాళ్ల నొప్పుల వల్ల నేను స్టూలు ఎక్కలేకపోయాను.

ఇట్లు
కల్పలత

తా.క.: ఒక ఉత్తరానికి ఒకటే సందేహం అని నిబంధన పత్రంలో ఉంది. తా.క.లో అడిగినది రెండో సందేహం. విడిగా పంపగలరు.


లాలాగూడ,
28–6–2000

కల్పలత మేడమ్ గారికి,

47వ నంబరు లోవరాజు నమస్కారాలు. మార్జిన్ వదిలాను, స్కేలు పెట్టి కొలిచాను.

కనకం పలికింది. నొక్కగానే పేరు వచ్చింది. ఆ పూట అన్నం ఎక్కువ తిన్నాను. ఆ పది లైన్ల కోడ్ మీరు దిద్దిపెడతారని అందంగా తిరగరాసి ఈ ఉత్తరానికి పిన్ను కొట్టాను.

ఆ సంతోషం మూడు రోజులే. మొన్న ఆఫీసు నుంచి వచ్చి తెరిచేసరికి నా ప్రోగ్రాం లేదు. అదే పేరు, అదే చోటు. లోపల మాత్రం నేను పెట్టని టెక్స్ట్ బాక్సు ఒకటి, నేను పెట్టని బటన్ ఒకటి. నొక్కితే ఏమీ కాలేదు. నాది మొదలు చెడినా వాడిది కూడా మొలకెత్తలేదని కాస్త ఊరట. వాడిది అని ఎందుకంటున్నానంటే, ఇంట్లో కంప్యూటరు తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు. రెండు వాటాలకీ కలిపి దయాకర్ ఒక్కడే ఉన్నాడు.

నేనేమీ తొందరపడలేదు. కూపీ లాగాను. "ఆ పైనబ్బాయి గాని కిందకొచ్చాడేటి?" అన్నాను మా ఆవిడతో. "ఎందుకొస్తాడండీ? అలగడిగారేటి?" అంది. అని ఊరుకోలేదు, "పాపం, మంచి కుర్రోడు" అంది. అడగని ప్రశ్నకి జవాబు చెప్పిందంటే ఏమనుకోవాలి? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు లేదా?

మీకు మోకాళ్ల నొప్పులని రాశారు. చిన్న వయసులోనే అవి రావడం మంచిది కాదు. మా అత్తగారు మరిడమ్మ గారు కాచిన నూనె ఒక సీసా ఈ ఉత్తరంతో పాటు పార్సిలు పంపుతున్నాను. ఏడాదికి రెండు సీసాలే కాస్తారు. గోరువెచ్చగా చేసి రాయండి.

నా సందేహం: నేను పెట్టని బటన్ నా ప్రోగ్రాంలోకి ఎలా వచ్చింది? ఇలాంటి వైరస్సులు ఉన్నాయా?

ఇట్లు
పి. లోవరాజు

తా.క.: పంతొమ్మిది సంగతి. ఇది సందేహం కాదు, గుర్తు చేయడం.


సికింద్రాబాదు,
4–7–2000

లోవరాజు గారికి,

మార్జిన్ బాగుంది. నూనె అందింది. నిబంధనల ప్రకారం విద్యార్థుల దగ్గర ఏమీ తీసుకోకూడదు, కానీ మోకాళ్లు నిబంధనలు చదవలేదు. రెండు రోజులు రాశాను. మూడో రోజు స్టూలు ఎక్కాను. మీ అత్తగారికి నమస్కారాలు.

బటన్లు వాటంతటవి పుట్టవు. ఎవరో కూర్చుని పెడితేనే ఉంటాయి. మీరు ప్రోగ్రాం సేవ్ చేసేటప్పుడు ఏ పేరు పెడుతున్నారో రాయండి. అది తెలియకుండా ఇంకేమీ చెప్పలేను. ఎవరినీ అనుమానించమని నేను చెప్పడం లేదు.

ఇట్లు
కల్పలత

తా.క.: గుర్తు చేయడం కూడా నిబంధనల్లో సందేహం కిందికే వస్తుంది.


లాలాగూడ,
14–7–2000

కల్పలత మేడమ్ గారికి,

47వ నంబరు లోవరాజు రాసుకునేది. మోకాళ్లు నయమైనందుకు సంతోషం. ఇక్కడ నా గుండె బాగా లేదు.

మీరు అనుమానించవద్దన్నారు. అందుకని అనుమానించకుండా మౌస్ పీకి టిఫిను సంచిలో వేసుకుని ఆఫీసుకి తెచ్చుకోవడం మొదలుపెట్టాను. మౌస్ లేకుండా ఎవడు బటన్లు పెడతాడో చూద్దామని. పచ్చడి కారడంతో మొదటి రోజు దాన్ని తుడుచుకోవలసి వచ్చింది. రెండో రోజు మా హెడ్ క్లర్కు నరసరాజు గారు చూసి, "ఏమయ్యా, అన్నంలోకి ఇదా నంజుకునేది?" అన్నారు. పడ్డాను. మీ పాఠాల కోసం పడ్డాను.

మూడో రోజు ఇంటికి వెళ్లేసరికి కంప్యూటరుకి మౌస్ ఉంది. నాది తెల్లది, అది నల్లది. దయాకర్ చేతిలో చూసిన మౌస్ అదే. కింద వాళ్ల కంపెనీ స్టిక్కరు కూడా ఉంది. మా ఆవిడని అడిగితే "నాకెలాగ తెలుస్తాదండీ?" అని వంటింట్లోకి పోయింది. కళ్లలోకి చూసి చెప్పలేదు.

ప్రోగ్రాం తెరిచాను. నేను రెండోసారి కూర్చుని రాసుకున్నది మళ్లీ మాయం. ఈసారి ఆ టెక్స్ట్ బాక్సులో పేరు కొట్టమంది. కింద రెండు బటన్లు. నా పేరు కొట్టి మొదటిది నొక్కాను. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో ఒక పెట్టె వచ్చింది: "ఎవరు ఆవిడ?"

చూశారా మేడమ్? నా ఇంట్లో, నా కంప్యూటరులో, నా భార్య గురించి "ఎవరు ఆవిడ" అని నన్నే అడుగుతున్నాడు. నేను తిన్నగా పైకి వెళ్లాను. తలుపు తీసి, "ఏందన్నా, మంచిగున్నవా? కంప్యూటర్ ఏమన్న తక్లీఫ్ ఇస్తుందా?" అన్నాడు. ఆ నవ్వు చూసి కడుపు మండిపోయింది. "మీ ఇంట్లో ఇంగువ ఉందా?" అని అడిగి వచ్చేశాను. నాకు గొడవలు చేతకావు. ఇంగువ ఇచ్చాడు కూడా.

కోపంతో మొత్తం తుడిచి నా ప్రోగ్రాం మూడోసారి రాశాను. ఆ తరవాత కంప్యూటరు మీద దుప్పటి కప్పాను.

ఇక మీరడిగిన సేవ్ పేరు సంగతి. నేనేమీ పెట్టను. పెట్టెలో 'ఫారం వన్' అని దానంతట అదే వేసుకుని వస్తుంది కదా. ఇరవై రెండేళ్ల సర్వీసులో పైనుంచి అచ్చయి వచ్చినదాన్ని నేను కొట్టివేసి దిద్దలేదు. దిద్దితే పక్కన అధికారి సంతకం కావాలి. ఇక్కడ అధికారి ఎవరో తెలియదు. ఆ పేరుతో ఇప్పటికే ఒకటి ఉంది, దాని మీద రాసేయమంటావా అని అప్పుడప్పుడు అడుగుతుంది. పైనుంచి వచ్చిన ప్రశ్నకి కాదనే అలవాటు నాకు లేదు. అవునని నొక్కుతాను.

ఇట్లు
పి. లోవరాజు

తా.క.: నూనె సీసా ఏమైందని మా ఆవిడ నాలుగు రోజులుగా ఇల్లంతా వెతుకుతోంది. పిల్లి పడేసిందని చెప్పాను. మా ఇంట్లో పిల్లి లేదు.


సికింద్రాబాదు,
20–7–2000

లోవరాజు గారికి,

జబ్బు దొరికింది. పేరు పెట్టకపోవడమే జబ్బు.

మీరు 'ఫారం వన్' అని సేవ్ చేస్తారు. ఇంకెవరో ఆ కంప్యూటరు మీదే కొత్తగా మొదలుపెట్టి, వారు కూడా పేరు మార్చకుండా 'ఫారం వన్' అని సేవ్ చేస్తారు. దాని మీద రాసేయమంటావా అంటే వారూ అవునంటారు. మీది పోతుంది. తరవాత మీరు అవునంటారు. వారిది పోతుంది. ఒకే పలక మీద ఇద్దరు వంతులవారీగా రాసి తుడుస్తున్నారన్నమాట. ఇందులో దురుద్దేశం ఉండనక్కరలేదు. తన పని ఎవరో కావాలని చెరిపేస్తున్నారని అవతలివారూ మీలాగే కుమిలిపోతూ ఉండవచ్చు.

మీ పేరుతో ఒక ఫోల్డరు పెట్టుకుని, వేరే పేరుతో సేవ్ చేసుకోండి. దీనికి ఎవరి సంతకమూ అక్కరలేదు. అవసరమైతే ఈ ఉత్తరాన్నే అనుమతిగా భావించగలరు.

ఇట్లు
కల్పలత

తా.క.: పిల్లి లేని ఇంట్లో పిల్లి మీద నెట్టడం మంచి పని కాదు. నూనె అయిపోవచ్చింది. అడుగుతున్నానని కాదు.


లాలాగూడ,
4–8–2000

కల్పలత మేడమ్ గారికి,

47వ నంబరు లోవరాజు నమస్కారాలు. మీరు చెప్పినట్టు ఫోల్డరు పెట్టాను. ఆ ఉత్తరం కూడా మిగతావాటితో డబ్బా కింద భద్రపరిచాను. ప్రోగ్రాం ఇప్పుడు చెక్కుచెదరకుండా ఉంది. "అవతలివారు కుమిలిపోతూ ఉండవచ్చు" అన్నారు. దయాకర్ కుమలడం లేదు, మేడమ్. పైన పాటలు పెట్టుకుంటున్నాడు.

నూనె రెండో సీసా వేరుగా పంపాను. ఇదే ఆఖరుది.

వాడికి ఇంటర్నెట్‌లో సొంత పేజీ ఉందట. మా ఆవిడే చెప్పింది, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా చెప్పింది. నేను చెయ్యి కడుక్కుని లేచాను. మీ తొమ్మిదో పాఠం తీసి నేనూ ఒక పేజీ తయారుచేశాను. స్టూడియోలో మా పెళ్లి ఫోటో స్కాన్ చేయించాను. పైన పెళ్లి తేదీ, కింద ఫోటో. ఇంట్లో చూస్తే కళ్యాణ మండపంలా ఉంది. ఫ్లాపీలో వేసుకుని నెట్ సెంటరుకి వెళ్లి, అక్కడి అమ్మాయి ప్రేమమణి సాయంతో ఎక్కించాను.

అక్కడి కంప్యూటరులో పేజీ తెరిచాం. తేదీ వచ్చింది. ఫోటో ఉండవలసిన చోట ఖాళీ పెట్టె, అందులో ఎర్ర ఇంటూ మార్కు.

మేడమ్, పరీక్ష పేపరులో తప్పు జవాబుకి కొట్టే ఇంటూ మార్కు. మా పెళ్లి మీద. ఇంతలోనే వాడికి ఎలా తెలిసింది, ఎలా కొట్టాడు? ప్రేమమణి నవ్వు ఆపుకుంటోంది. ఇంటికి వచ్చి అద్దం ముందు నిలబడ్డాను. నలభై ఆరేళ్లు, ముందు జుట్టు లేదు, ఒంటి వేలితో టైపు చేస్తాను. మా ఆవిడ పెళ్లికి ముందు అనకాపల్లిలో టైపు హయ్యరు ఫస్టు క్లాసులో పాసైంది. ఇక్కడికొచ్చాక ఆ అవసరం రాలేదు, నేనూ అడగలేదు. అలాంటి మనిషికి నేనేం చూపించగలను అనిపించింది.

నా సందేహం: ఆ ఎర్ర మార్కు ఎవరు కొట్టారు, దాన్ని చెరపడం ఎలా?

ఇట్లు
పి. లోవరాజు

తా.క.: ఇంకా పంతొమ్మిదే చూపిస్తోంది. ఊరికే చెప్పాను.


సికింద్రాబాదు,
10–8–2000

లోవరాజు గారికి,

ఎర్ర మార్కు ఎవరూ కొట్టలేదు. ఫోటో ఎక్కడుందో పేజీలో మీరు రాసిన చోటు మీ ఇంటి కంప్యూటరులోని సి డ్రైవు. పేజీని ఊళ్లోకి పంపి, ఫోటోని ఇంట్లోనే ఉంచుకున్నారు. "మా బీరువాలో రెండో అర" అని చెబితే నెట్ సెంటరులోని కంప్యూటరు మీ బీరువా ఎలా తెరుస్తుంది? ఫోటో కూడా ఎక్కించి, పేజీ పక్కనే పెట్టి, చోటు పేరు తీసేసి ఉత్త ఫోటో పేరు రాయండి. కనిపిస్తుంది.

ఇంకొక మాట. ప్రోగ్రాంలో తప్పు వెతికేటప్పుడు ముందు మనం రాసిన లైను చూసుకోవాలి, తరవాతే పక్కవారి మీద పడాలి. ఇది అన్ని పాఠాలకీ వర్తిస్తుంది.

ఇట్లు
కల్పలత

తా.క.: ఈ ఉత్తరం టైపు చేసినవారు విభాగంలో నిన్ననే చేరారు. ఒక్క తప్పు లేదు, మార్జిన్ అంగుళానికి వెంట్రుకవాసి తేడా లేదు. చూసి నేర్చుకోగలరు.


లాలాగూడ,
22–8–2000

కల్పలత మేడమ్ గారికి,

ఫోటో వచ్చింది. దానివల్ల ఇప్పుడు ప్రయోజనం లేదు.

మా ఇంటి ఓనరు అనసూయమ్మ గారు చెప్పారు, మా ఆవిడ రోజూ పదింటికి తాళం వేసి వెళ్లి నాలుగింటికి వస్తోందట. రెండు వారాలుగా. నాకు ఒక్క మాట చెప్పలేదు. మంచి చీర కట్టుకుని వెళుతోందట. నిన్న సాయంత్రం ఆవిడ హ్యాండ్‌బ్యాగు కుర్చీ మీద ఉంది. జిప్పు సందులోంచి నీలం తాడు కనిపించింది. దయాకర్ మెడలో ఉండే తాడే. నేను తెరిచి చూడలేదు. చూసే ధైర్యం లేదు.

రాత్రి భోజనాల దగ్గర అడుగుదామనుకున్నాను. "పప్పు బాగుంది" అన్నాను. "ఊఁ" అంది. వారం రోజులుగా మా ఇంట్లో మాటలు ఇంతే.

నేను ఆవిడని తప్పు పట్టను. దయాకర్ వచ్చి ఎనిమిది నెలలే. నాకు ఇరవై ఏళ్లు అవకాశం దొరికింది. అన్నేళ్లలో నేను ఆవిడకి ఏం చూపించాను, ఏం అడిగాను? మీకు ఈ ఉత్తరాల్లో రాసినన్ని మాటలు ఆవిడతో ఎన్నడూ మాట్లాడలేదు. ఆ కుర్రాడి మీద అసూయ పడ్డాను గాని, ఆవిడకి ఏం కావాలో ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. ఇప్పుడు అడగడానికి మొహం చెల్లడం లేదు.

ఇరవై ఏడున ఆ బటన్ నొక్కమని ఇక అడగను. నా ఆఖరి సందేహం ఒకటే: రాసుకున్న ప్రోగ్రాంని మళ్లీ కంటబడకుండా పూర్తిగా తుడిచేయడం ఎలా?

ఇన్నాళ్లు ఓపికగా జవాబులు రాసినందుకు కృతజ్ఞతలు. ఈసారి తా.క. లేదు.

ఇట్లు
పి. లోవరాజు


సికింద్రాబాదు,
25–8–2000

విద్యార్థి నంబరు 47 లోవరాజు గారికి,

మీ ఉత్తరం అందింది. మార్జిన్ వదలడం మరిచిపోయారు. అక్షరాలు కూడా తడిసి ఉన్నాయి. ఈసారికి క్షమించడమైనది.

మీ సందేహానికి జవాబు. ప్రోగ్రాం పూర్తిగా తుడవాలంటే, దాని పేరుతోనే ఇంకొకటి రాసి దాని మీద సేవ్ చేస్తే చాలు. ఆ పని నేను తెలియక రెండుసార్లు చేశాను. నేనూ ఫారం వన్ అనే పెట్టాను, నన్నూ అది అడిగింది, నేనూ అవునన్నాను. మీ మాటకి ఇరవై ఏళ్లుగా అవునంటున్న అలవాటు.

జూన్‌లో దుమ్ము తుడుస్తుంటే డబ్బా కింద ఉత్తరం దొరికింది. అడుగున "కల్పలత" అని ఉంది. ఈ కంప్యూటరులో ఏముందో చూడాలని ఆ రోజే మీ పాఠాలు తీసి మొదటి పేజీ నుంచి చదవడం మొదలెట్టాను. ఇంకో వారానికి మా అమ్మ నూనె సీసా మాయమైంది. తరవాతి ఉత్తరంలో ఆ కల్పలత మోకాళ్లకి అది రాసుకుని స్టూలెక్కిందట. నాకు అయిదేళ్లుగా నడుం నొప్పి, అయినా పొదుపుగా వాడుకుంటున్నాను. ఒళ్లు మండిపోయింది. ఆ కసితో మిగతా పాఠాలూ చదివాను. మీరు టిఫిను సంచిలో మౌస్ పట్టుకుపోయిన రోజు పైకెళ్లి దయాకర్‌ని అడిగాను. "నాకు కోడ్ గీడ్ ఏం రాదక్కా, నేను ఆఫీసుల వైర్లు గుంజుతా. మౌస్ అయితే తీస్కపో, జెర పైలం, కంపెనీది" అన్నాడు. ఇంటర్నెట్‌లో అతని పేజీ కూడా వాళ్ల కంపెనీలో ఎవరో చేసిపెట్టారట. "ఎవరు ఆవిడ" అన్నది మిమ్మల్నే, నేనే. రెండో బటన్ వెనుక "మా అమ్మ నూనె ఏది" అని కూడా రాశాను. మీరు అది నొక్కనేలేదు, మొత్తం తుడిచి దుప్పటి కప్పేశారు.

ఈ నెల ఎనిమిదో తారీకున ఆవిడ సంగతి తేల్చుకోవాలని ఉత్తరం మీది అడ్రసు పట్టుకుని ఇక్కడికి వచ్చాను. కల్పలతని బయటికి పిలవండి అన్నాను. లోపల నుంచి రెండు జడల పిల్ల వచ్చింది. అయిదో తరగతి. దాని వెనుక గోడ పట్టుకుంటూ ఒక పెద్దాయన వచ్చారు. "నేనేనమ్మా రాస్తున్న. పేరు మనవరాలిది, మోకాళ్లు నావి" అన్నారు. ఇది పూర్వం ఆయన టైపు ఇన్‌స్టిట్యూటట. కొడుకు బోర్డు మార్చి కంప్యూటర్లు పెట్టాడు, ఉత్తరాల కింద సంస్థ పేరే ఉండాలన్నాడు.

అయినా నా ఫిర్యాదు నాకుంది కదా. రాసి ఇయ్యమన్నారు. కూర్చుని టైపు చేసిచ్చాను. ఆయన ఫిర్యాదు చదవలేదు, నా వేళ్లే చూశారు. "ఎవల దగ్గర నేర్చుకున్నవమ్మా? కీబోర్డ్ దిక్కు సుత చూస్తలేవు" అన్నారు. తరవాత మీ ఫైలు తీసి చేతిలో పెట్టి, "ఫిర్యాదుకు జవాబు ఇందులనే ఉన్నది, చదువుకో" అన్నారు. మొదటి ఉత్తరం నుంచి చదివాను. భలే అన్న మాట కోసం ఇంత ఏడ్చారని నాకెలాగ తెలుస్తాదండీ? అడిగితే అననా?

మర్నాడే విభాగంలో చేరాను. ఇరవై ఏడున చెబుదామని దాచాను. మీరు చూసిన తాడు దయాకర్ ఇచ్చిన పాతది. ఇక్కడ బిళ్లలున్నాయి, తాళ్లు లేవు. బిళ్ల మీద నా పేరుంది, బ్యాగు తెరిచి చూసుకోవచ్చు.

జూన్ ఇరవై ఎనిమిది ఉత్తరానికి మీరు పిన్ను కొట్టిన పది లైన్లూ ఇక్కడ టైపు చేశాను. చేశాను గాని రన్ చేయలేదు. ఆదివారం ఇంట్లో మీరు పక్కన కూర్చుంటే నొక్కుతాను. అప్పుడు అనవలసిన మాట ఉత్తరంలో రాయను. అది మీరు చెవులతో వినవలసినది.

ఇట్లు
పి. కనకలక్ష్మి
సందేహాల విభాగం

తా.క. 1: పెద్దాయన పేరు బ్రహ్మచారి. వయసు అరవై ఎనిమిది, మనవలు ఆరుగురు. మళ్లీ మౌస్ ఆఫీసుకి పట్టుకుపోతారేమోనని ముందే చెబుతున్నాను.

తా.క. 2: పంతొమ్మిది సందేహం మూడుసార్లు అడిగారు, విభాగం జవాబివ్వలేదు. కంప్యూటరు సున్నా నుంచి లెక్కపెడుతుంది కనుక మొదటి ఏడాది సున్నా అయింది. దిద్దడం తేలికే, ఒకటి కలిపితే చాలు. కానీ ఆ మొదటి ఏడాది మీరు సిగ్గుపడి నాతో మొత్తం కలిపి నలభై మాటలు మాట్లాడారు. కంప్యూటరు లెక్కే సరైనది. దిద్దలేదు.